అమెరికా ఎమ్మెల్యే చిట్టా చూపించే రెండు సైట్లు: వాడి చూస్తే తేలింది

శ్రీకాకుళంలో గ్రూప్స్‌కి చదివేవాళ్లు, పేపర్లకి రాసేవాళ్లు అరుణా మిల్లర్ గురించి వెతికితే ముందు వచ్చేది ఒకటే: హైదరాబాద్‌లో పుట్టిన కాట్రగడ్డ వారి అమ్మాయి, 2023 జనవరి నుంచి అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి). అంతకుముందు శాసనసభలో ఆవిడ ఏం చేశారో చూడాలంటే రెండు సైట్లున్నాయి. రెండూ ఉచితమే.

మేరీలాండ్ మాన్యువల్ ఆ రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్లది. చప్పిడి కూడులా ఉంటుంది గానీ పదవులూ కమిటీలూ తేదీలతో సహా దొరుకుతాయి. పరీక్షకి ఇది చాలు.

అసలు సరుకు జనరల్ అసెంబ్లీ, అంటే ఆ రాష్ట్ర శాసనసభ సైట్‌లో ఉంది. ఇక్కడే పప్పులో కాలేసేది కూడా. సభ ఏటా జనవరి నుంచి 90 రోజులే నడుస్తుంది, బిల్లు నంబర్లు ప్రతి ఏడాదీ ఒకటి నుంచి మళ్లీ మొదలు. సైట్ తెరవగానే కనబడేది ఈ ఏటి సమావేశం. ఉత్త నంబరు కొడితే ఎవరిదో బిల్లు వచ్చి కూర్చుంటుంది. ఆవిడ 2010లో గెలిచి, 2018లో కాంగ్రెస్‌కి (అమెరికా పార్లమెంటుకి) పోటీపడి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో ఓడారు. కాబట్టి 2011ఆర్‌ఎస్ (ఆర్‌ఎస్ అంటే రెగ్యులర్ సెషన్) నుంచి 2018ఆర్‌ఎస్ దాకా ఒక్కో సమావేశం ఎంచుకుని చూడాలి. ఎనిమిదేళ్లూ ఒకే పేజీలో ఇవ్వకపోవడం పెద్ద లోటు.

ఆమదాలవలసకి ఒక్కరే ఎమ్మెల్యే. ఆవిడ గెలిచిన 15వ జిల్లాకి (అక్కడ నియోజకవర్గాన్ని అలాగే అంటారు) మాత్రం ముగ్గురు డెలిగేట్లు, అంటే మన ఎమ్మెల్యేల్లాంటివాళ్లు. స్పాన్సర్ల (బిల్లు పెట్టినవాళ్ల) వరసలో పేరుందని బిల్లంతా ఆవిడ ఖాతాలో వేయొద్దు, మొదటి పేరు ఎవరిదో చూడండి.

బిల్లు కన్నా ముందు దాని ఫిస్కల్ నోట్ చదవండి. ఇప్పటి చట్టం, చేసే మార్పు, అయ్యే ఖర్చు అందులో తేలికపాటి ఇంగ్లీషులో ఉంటాయి. ఈ ఒక్కదానికే సైట్‌కి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు.

బిల్లు పాఠంలో పెద్దక్షరాలంటే చట్టంలో కొత్తగా చేర్చేది, చదరపు బ్రాకెట్లలో ఉన్నది తీసేసేది. సవరణలో ఎగిరిపోయిన మాటల మీద అడ్డగీత ఉంటుంది. కాపీ చేసి అనువాదం యాప్‌లో వేస్తే ఆ గీత పోతుంది, కొట్టేసిన మాటా చట్టంలాగే చదువుతుంది. పీడీఎఫ్ దించుకుని నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకోండి. రంగులతో పనిలేదు, బ్లాక్ అండ్ వైట్ చాలు.