జర్నలిజం చదువు: ఆన్‌లైన్ డిగ్రీయా, రెగ్యులరా, పత్రికల జర్నలిజం స్కూలా?

ప్రవేశ ప్రకటనలు వెలువడే రోజుల్లో ఏటా ఇద్దరు ముగ్గురైనా నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఆన్‌లైన్‌లో చదివితే సరిపోతుందా అని. ప్రశ్న ఒకటే అయినా అడిగేవారి పరిస్థితులు ఒకటి కావు. ఒకరు మొన్ననే డిగ్రీ ముగించి, ఇంతవరకు ఒక్క వార్త కూడా రాసి ఎరుగని ఇరవయ్యొక్కేళ్ల అమ్మాయి. ఇంకొకరు పదేళ్లుగా మండల కంట్రిబ్యూటర్‌గా వార్తలు పంపుతూ, చేతిలో పీజీ పట్టా లేనందువల్ల మెరుగైన ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేకపోతున్న నడివయసు మనిషి. వీరిద్దరికీ ఒకే జవాబు చెప్పడం అన్యాయం. నేను పత్రికలో వార్తలు దిద్దే విభాగమైన డెస్కులో చేరిన చాలా ఏళ్లకు, రాత్రి డ్యూటీలు చేసుకుంటూ ఆన్‌లైన్ పద్ధతిలోనే పీజీ పూర్తిచేశాను కనుక, ఆ చదువులో దొరికేదేమిటో, దొరకనిదేమిటో అనుభవం మీద చెప్పగలను.

ముందుగా చెల్లుబాటు సంగతి. చాలామందికి ఇదే పెద్ద సందేహం గాని, నిజానికి తేలికగా తేలిపోయేది ఇదే. 2020 సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) వెలువరించిన నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య డిగ్రీ రెండూ రెగ్యులర్ డిగ్రీతో సమానం. వైద్యం, ఇంజినీరింగ్, న్యాయశాస్త్రం వంటి కోర్సులను ఈ పద్ధతుల్లో నడపరాదని నిషేధించిన జాబితాలో జర్నలిజం లేదు. పీజీలో 55 శాతం మార్కులుంటే, రిజర్వుడు వర్గాలవారికైతే 50 శాతం ఉంటే, మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం సబ్జెక్టులో అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ కూడా రాసుకోవచ్చు. చూసుకోవలసినదల్లా ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) జాబితాలో చోటుందా లేదా అన్నదే. 2024 నుంచి విద్యార్థి స్వయంగా ఆ విభాగపు గుర్తింపు సంఖ్య, అంటే డెబ్ ఐడీ, తీసుకున్న తర్వాతే ప్రవేశం ఇవ్వాలన్న నియమం వచ్చింది. ఫ్రాంచైజీ కేంద్రాలకు అనుమతి లేదు; కాబట్టి బస్టాండు పక్కన బోర్డు పెట్టుకుని, డబ్బు కడితే పట్టా మేమే తెప్పిస్తామనేవారి జోలికి వెళ్లనవసరం లేదు.

ఆన్‌లైన్, దూరవిద్య ఒకటేనని చాలామంది అనుకుంటారు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే 1982లో పుట్టింది. ఇవాళ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా దానిని అందరూ ఎరుగుదురు. మూడేళ్ల తర్వాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది. అచ్చు పుస్తకాలు, అధ్యయన కేంద్రాలు, సెలవురోజు తరగతులు దూరవిద్య లక్షణాలు. ఆన్‌లైన్ కోర్సులో వీడియో పాఠం, చదువుకునే పాఠ్యం, చర్చావేదిక, స్వీయ పరీక్ష అనే నాలుగు భాగాలూ తెరమీదే నడుస్తాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్యకు ఆ రాష్ట్రపు సరిహద్దు ఉంటుంది, ఆన్‌లైన్‌కు ఉండదు. శ్రీకాకుళంలో కూర్చుని జైపూర్ విశ్వవిద్యాలయంలో చదువుకోవచ్చు. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం చివరి పరీక్షకు కేటాయించడం రెండింటిలోనూ సాధారణం.

ఇక అసలు విషయం. జర్నలిజం సిలబస్‌ను విప్పి చూస్తే అందులో సగం చదివి తెలుసుకునేది, సగం చేసి నేర్చుకునేది. చదివి తెలుసుకునే సగంలో, అంటే కమ్యూనికేషన్ సిద్ధాంతాలు, పత్రికల చరిత్ర, చట్టాలు, పరిశోధన పద్ధతులలో, ఆన్‌లైన్ ఏమీ వెనకబడలేదు. పైగా అర్థం కాని పాఠాన్ని రాత్రి రెండింటికి డ్యూటీ దిగి వచ్చి మళ్లీ వినే వీలు తరగతి గదిలో ఉండదు. చట్టాల పాఠంలో ఒక మెలిక ఉంది. 1867 నాటి పత్రికల నమోదు చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. పరువునష్టం నేరం శిక్షాస్మృతి 499వ సెక్షన్ నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌కు మారింది. ఆన్‌లైన్ పాఠాన్ని ఒక్క రోజులో సవరించవచ్చు, అచ్చయిన పుస్తకాన్ని సవరించలేరు. సవరించే వీలుండటం వేరు, సవరించడం వేరు అన్నది నిజమే గాని, ఆ వీలైనా ఉంది కదా.

చరిత్ర పాఠం దగ్గరే నాకు కొంత అసంతృప్తి మిగిలింది. దేశమంతటికీ ఒకటిగా తయారుచేసిన పాఠ్యంలో 1826లో కలకత్తా నుంచి వెలువడిన తొలి హిందీ పత్రిక ఉదంత మార్తాండకు కొన్ని పేజీలున్నాయి. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించి 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపిన ఆంధ్రపత్రిక, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి వెలువడిన గోలకొండ పత్రిక, ఈ మూడూ కలిసి ఒక్క పేరాలో ముగిసిపోయాయి. పరీక్షకు అది చాలు. తెలుగు డెస్కులో కూర్చోబోయేవాడికి చాలదు.

చేసి నేర్చుకునే సగంలో తేడా పెద్దది. ఒక ఉదాహరణ చెబుతాను. డెస్కులో చేరిన తొలి వారం మండల సర్వసభ్య సమావేశం వార్తను నాకు తిరగరాయమని ఇచ్చారు. నేను రాసిన మొదటి వాక్యం: ఎంపీపీ అధ్యక్షతన సమావేశం జరిగింది. తరువాత హాజరైనవారి పేర్లు, తరువాత అజెండా. చెరువు కట్టకు గండి పడి మూడు నెలలైనా పూడ్చలేదని సభ్యులు నేల మీద బైఠాయించిన సంగతి ఆరో పేరాలో పడింది. సీనియర్ సబ్ ఎడిటర్ ఎరుపు పెన్నుతో ఆరో పేరాను చుట్టి, బాణం గీసి పైకి లాగి, మొదటి ఐదు పేరాలను అడ్డంగా కొట్టేసి, కాగితం తిప్పి ఇచ్చాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంట్రో, అంటే వార్త తొలి పేరా, ఏమిటో నాకు అర్థమైంది ఆ బాణంతోనే. ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ కోర్సులో వార్తారచన మీద అసైన్‌మెంటు పీడీఎఫ్‌గా పంపితే, మూడు నెలలకు 30కి 21 మార్కులు వచ్చాయి. ఆ తొమ్మిది మార్కులు ఎక్కడ పోయాయో ఈ రోజుకీ తెలియదు. మార్కు వచ్చింది గాని దిద్దుబాటు రాలేదు. వార్తారచన నేర్పేది దిద్దుబాటే.

ఆ బాణం గీసేవారు ప్రతి రెగ్యులర్ తరగతిలోనూ ఉంటారని కాదు. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉండి, అతిథి అధ్యాపకులతో నెట్టుకొస్తున్న విభాగాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అయినా 1954 నుంచి జర్నలిజం బోధిస్తున్న ఉస్మానియాలో విద్యార్థులే వార్తలు సేకరించి, దిద్ది, పేజీలు పెట్టే ప్రయోగ పత్రిక సంప్రదాయం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 90.4 మీద వినిపించే బోల్ హైదరాబాద్ క్యాంపస్ రేడియో ఉంది. సొంత గొంతు మొదటిసారి హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు కలిగే ఇబ్బందీ, దానిని దాటే సాధనా ఆ స్టూడియోలోనే సాధ్యం. దృశ్య మాధ్యమంలో ఇది మరీ స్పష్టం. ఇంటర్వ్యూకు మూడు లైట్లు ఎలా పెట్టాలో వీడియో పాఠం బొమ్మ గీసి చూపిస్తుంది. ఎదుట కూర్చున్న పెద్దాయన కళ్లద్దాల్లో లైటు మెరుస్తుంటే స్టాండును రెండడుగులు పక్కకు జరిపి కొంచెం పైకెత్తాలన్నది, ఆయన సహనం నశించేలోపు ఆ పని చేయాలన్నది, ఒకసారి చేస్తే తప్ప చేతికి రాదు.

భాష సంగతి ఎవరూ అడగరు గాని, తెలుగు మీడియాలో పనిచేయదలచినవారు మొదట అడగవలసింది అదే. నేను చూసిన ఆన్‌లైన్ జర్నలిజం కోర్సులు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉన్నవే. తెలుగు పత్రికలోనో చానెల్‌లోనో ఉద్యోగానికి వెళితే అనువాద పరీక్ష తప్పదు: వార్తాసంస్థ పంపిన ఇంగ్లిషు కాపీ ముందు పెట్టి, అరగంటలో తెలుగు చేయమంటారు. ‘నిందితుడు పోలీసులచే అరెస్టు చేయబడ్డాడు’ అని రాసినవాడు అక్కడే ఆగిపోతాడు. ‘నిందితుడిని పోలీసులు అరెస్టు చేశారు’ అని రాసినవాడు తరువాతి ప్రశ్నకు వెళతాడు. ఈ సాధన హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది, పత్రికల జర్నలిజం స్కూళ్లలో దొరుకుతుంది. ఆన్‌లైన్ డిగ్రీలో దొరకదు. ఇంగ్లిషు మీడియాలోనో, కార్పొరేట్ కమ్యూనికేషన్, ప్రకటనల రంగంలోనో స్థిరపడదలచినవారికి మాత్రం ఇది లోపమే కాదు.

పత్రికల స్కూళ్ల ప్రస్తావన వచ్చింది కనుక: ఈనాడు జర్నలిజం స్కూల్ వంటివి ప్రవేశ పరీక్ష పెట్టి, శిక్షణ కాలంలో భృతి ఇచ్చి, తరువాత కొన్నేళ్లు తమ దగ్గరే పనిచేస్తామన్న ఒప్పందం మీద తీసుకుంటాయి. ఫీజు కట్టి చదవలేని ఇంటి పిల్లలకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. పని నేర్పడంలో వీటికి సాటి లేదు. అయితే చేతికి వచ్చేది విశ్వవిద్యాలయ పట్టా కాదు. నేర్పేది ఆ సంస్థకు కావలసిన పద్ధతి. పరిశోధన, ప్రజాసంబంధాలు, మీడియా సిద్ధాంతం అక్కడ ఆశించకూడదు. అధ్యాపక వృత్తిలోకి మారాలనుకుంటే మళ్లీ పీజీ చేయవలసిందే.

ఇక నా తీర్పు. ఆ పదేళ్ల కంట్రిబ్యూటర్‌కు ఆన్‌లైనే మేలు, అందులో నాకు సందేహం లేదు. ఆయనకు కావలసిన దిద్దుబాటు రోజూ డెస్కు చేస్తూనే ఉంది. లేనిది పట్టా, చట్టాల పరిజ్ఞానం, కొంచెం దూరం నుంచి తన వృత్తిని చూసుకునే చూపు. ఆ మూడూ ఆన్‌లైన్ కోర్సు ఇవ్వగలదు. చంటిబిడ్డతో కాకినాడలో ఉంటూ కంటెంట్ రాసుకునే గృహిణికీ ఇదే మాట చెబుతాను. ఆ ఇరవయ్యొక్కేళ్ల అమ్మాయి మాత్రం, ఇంట్లో హాస్టల్ ఖర్చు భరించగలిగితే, రెగ్యులర్‌లోనే చేరాలి. హైదరాబాదు పంపడానికి పెద్దలు వెనకాడితే తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. ఖర్చు భరించలేకపోతే మొదట పత్రిక స్కూలు, ఉద్యోగం నిలదొక్కుకున్నాక ఆన్‌లైన్ పీజీ. ఈ వరుస తిరగబడితే, అంటే పని తెలియకుండా ఇంట్లో కూర్చుని పట్టా తెచ్చుకుని ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కుంటే, అనువాద పరీక్ష దగ్గరే దొరికిపోతుంది. రెగ్యులర్‌గా తెలుగో రాజనీతిశాస్త్రమో చదువుతూనే పక్కన ఆన్‌లైన్ జర్నలిజం చేయవచ్చు కూడా. ఏకకాలంలో రెండు డిగ్రీలకు యూజీసీ 2022లో అనుమతించింది. ఈ దారిని జనం ఇంకా సరిగా వాడుకోవడం లేదు.

ఆన్‌లైన్‌కే మొగ్గితే, డబ్బు కట్టేముందు ప్రవేశాల విభాగానికి ఫోన్ చేసి ఒక్క కోరిక కోరండి: వ్యక్తిగత వివరాలు తీసేసి, మీ అధ్యాపకులు దిద్దిన ఒక పాత వార్తారచన అసైన్‌మెంటును చూపించమని అడగండి. దాని మీద ఉన్నది మార్కు ఒక్కటేనా, గీతలూ బాణాలూ కూడా ఉన్నాయా చూసుకుని, అప్పుడు డెబ్ ఐడీకి దరఖాస్తు చేసుకోండి.