ఏసీ ప్లగ్గు ఎక్కడుందండీ?

వైజాగ్ వెళ్తే రూములోంచి సముద్రం కనిపిస్తుందా అని అడిగేవాళ్ళం ఒకప్పుడు. ఇప్పుడు కారు పెట్టేచోట ఏసీకీ గీజరుకీ వాడే 15 ఆంప్స్ పెద్ద ప్లగ్గు ఉందా అని అడుగుతున్నాం. మాది 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న పాత నెక్సాన్ ఈవీ, అంటే కరెంటు కారు. రాజమండ్రి నుంచి 190 కిలోమీటర్ల చిల్లర, పిల్లలతో కలిపి నలుగురం, ఏసీ ఆపితే ఊరుకునే రకాలు కాదు, అందుకని తుని దగ్గర ఫాస్ట్ ఛార్జర్ పెట్టి ముప్పావుగంట ఆగాం. టీ ఘోరంగా ఉంది, అంతకు మించి చెప్పడానికేం లేదు.

మొదటి రాత్రి బీచ్ రోడ్డులో హోటల్. ఫోన్‌లో "ఈవీ ఛార్జింగ్ ఉందా" అంటే "ఉందండి" అన్నారు. తీరా సెల్లార్లోకి దిగితే వాచ్‌మన్ సెల్‌ఫోన్ పెట్టుకునే 5 ఆంప్స్ సాకెట్! "మొన్న ఒకాయన స్కూటర్ పెట్టుకున్నారమ్మా" అన్నాడు పాపం. మన కేబుల్ ప్లగ్గు లావుది, అందులో దూరదు. కన్వర్టర్ పిన్ను తెచ్చిస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. గీజరైతే నీళ్ళు కాగగానే దానంతటదే ఆగిపోతుంది, కారు అలా కాదు, దాదాపు 3 కిలోవాట్లు ఎనిమిది గంటలు ఏకధాటిగా లాగుతూనే ఉంటుంది, ఆ సన్న వైరు వేడెక్కి కరిగితే ఎవరిది పూచీ? హోటల్‌ని తిట్టబుద్ధి కావట్లేదు మాత్రం. బాల్కనీలోంచి కురుసుర సబ్‌మెరైన్ కనిపిస్తుంది, పెసరట్టు ఉప్మా బ్రహ్మాండం. కారు లేకుండా అయితే మళ్ళీ వెళ్తాను.

రెండో రోజు భీమిలి రోడ్డులో హోమ్‌స్టే. ఈసారి తెలివొచ్చి, ఈవీ అన్న మాటే ఎత్తకుండా, "బయట ఏసీకో మోటారుకో వాడే పెద్ద ప్లగ్గు ఉందా, ఫొటో పంపండి" అన్నాను. పంపారు, పోర్టికోలోనే ఉంది. రాత్రి 22 శాతం ఛార్జుతో చేరి ప్లగ్గు పెడితే కేబుల్ మధ్యలో ఉండే డబ్బా మీద ఎర్ర లైటు. ఎర్తింగ్ లేదంటోంది. "ఏసీ దీని మీదే తిరుగుతుంది కదమ్మా" అన్నారు ఓనరుగారు. తిరుగుతుంది, ఏసీకి ఎర్త్ ఉన్నా లేకపోయినా పట్టదు. ఈ డబ్బా ముందు ఎర్త్ చూసుకుని గానీ కరెంటు వదలదు, ఎక్కడైనా లీకైతే కారు బాడీ ముట్టుకున్నవాళ్ళకి షాకు కొట్టకుండా.

ఎర్త్ వైరు నేలలోకి దిగే గొయ్యి ఎక్కడుందని మా ఆయన అడిగారు. తులసికోట వెనకాల, ఎండిపోయి, పైన ఎండుటాకులు. అక్కడిది ఎర్రటి ఇసకనేల, నీళ్ళు నిలవవు, తడి లేకపోతే ఎర్తింగ్ అందదు. ఓనరుగారూ మా ఆయనా కలిసి నాలుగు బకెట్లు పోశారు. పది నిమిషాలాగి పెడితే పచ్చ లైటు! పిల్లలు చప్పట్లు కొట్టారు.

అయినా నాకు నిద్ర పట్టలేదు. అరగంటకోసారి లేచి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడైతే పీకేయాల్సిందే. సముద్రపు గాలికి సాకెట్ లోపలి ఇత్తడి చిలుమెక్కిపోతుంది, పిన్ను బిగువుగా కూర్చోదు, వేడెక్కేది అక్కడే. కన్నం చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తే అసలు పెట్టొద్దు. మాకు అదృష్టం బాగుంది, పొద్దున్న ఆరుకి 95 శాతం. మీటరు ముందే ఫొటో తీసి ఉంచాను కాబట్టి 25 యూనిట్లని తేలింది, యూనిట్‌కి పది చొప్పున 250 ఇస్తే సంతోషంగా తీసుకున్నారు. రూము మామూలుగా ఉంది, దోమలున్నాయి, మనుషులు మాత్రం బంగారం.

ఆఖరి రెండు రాత్రులు సీతమ్మధారలో పెద్దమ్మ వాళ్ళ అపార్ట్‌మెంట్. అన్నయ్య ఈవీ కొన్నప్పుడు సెల్లార్లో అందరూ కలిసి బిల్లు కట్టే కామన్ మీటర్ మీద పెట్టుకుంటే అసోసియేషన్ వాళ్ళు గొడవ చేశారట, న్యాయమే కదా. పెద్దనాన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీటర్లన్నీ కిందే ఉన్నాయి కాబట్టి సొంత మీటరు నుంచే నాలుగు ఎంఎం వైరు లాగించి, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) పెట్టించి, పార్కింగ్ స్తంభానికి సాకెట్ బిగించారు. ఎవడైనా స్కూటర్ పెట్టుకుంటాడేమోనని దానికో తాళం. అరకు కారులో వెళ్దామనుకున్నవాళ్ళం, ఘాట్ ఎక్కితే 70 శాతం పైనే అయిపోతుంది, పైన ప్లగ్గు వెతుక్కునే ఓపిక లేక పొద్దున్నే కిరండోల్ రైలెక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు అరుస్తూనే ఉన్నారు. మేం తిరిగొచ్చేసరికి కారు నిండి, పెద్దనాన్న ప్లగ్గు పీకి, కేబుల్ చీరలా మడతపెట్టి డిక్కీ మీద పెట్టారు. యూనిట్ల డబ్బులివ్వబోతే పెద్దమ్మ చేతిలో గరిట చూపించింది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ తునిలోనే ఆగాం. టీ జోలికి మాత్రం పోలేదు.