పునాది గణితానికి ఖాన్ అకాడమీ: ఒక ఇంజనీరింగ్ విద్యార్థి సమీక్ష

ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో సమాకలనం దగ్గర ఆగిపోయినప్పుడు, నాకు రానిది సమాకలనమేనని అనుకున్నాను. నిజానికి సూత్రాలు గుర్తున్నాయి. భిన్నాన్ని పాక్షిక భిన్నాలుగా విడగొట్టడం, వర్గాన్ని పూర్తిచేయడం మరిచిపోయాను. లోపం ఎక్కడుందో నాకు తెలిసింది ఖాన్ అకాడమీ వల్ల. 2008లో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడిన ఈ ఆన్‌లైన్ పాఠాల వేదికలో పాఠాలకు గానీ అభ్యాసాలకు గానీ రుసుము లేదు.

వీడియోలు బాగానే ఉంటాయి. అయితే వెనుకబడిన విద్యార్థికి వాటికన్నా విలువైనది కోర్స్ ఛాలెంజ్ అనే 30 ప్రశ్నల పరీక్ష. ప్రీకాల్‌క్యులస్‌ను, అంటే కలన గణితానికి ముందు నేర్చుకోవలసిన గణితాన్ని, మొదటి వీడియో నుంచి వరుసగా చూసుకుంటూ పోకుండా ఈ పరీక్షతోనే మొదలుపెడితే, ఏ నైపుణ్యం నిలిచి ఉందో, ఏది జారిపోయిందో విడివిడిగా కనిపిస్తుంది. ఒక అభ్యాసంలో అన్ని జవాబులూ సరిపోయినా ‘ప్రొఫిషియెంట్’ స్థాయి వరకే ఇస్తారు. ‘మాస్టర్డ్’ కావాలంటే యూనిట్ టెస్ట్ వంటి చోట, ఇతర అంశాల మధ్య కలిసి వచ్చినప్పుడు కూడా ఆ లెక్క చేయగలగాలి. ఈ పట్టింపు నాకెంతో నచ్చింది, ఎందుకంటే కళాశాల పరీక్షలో ఏ లెక్కా తన అధ్యాయం పేరు చెప్పుకొని రాదు.

త్రికోణమితికి ఎక్కువ సమయం కేటాయించాలి. సైన్ ప్రమేయపు అవకలజం కొసైన్ అన్నది కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడే నిజమనీ, డిగ్రీలలో అయితే π (పై)ని 180తో భాగించిన గుణకం అదనంగా వస్తుందనీ అర్థమయ్యాకే రేడియన్ల అవసరం నాకు బోధపడింది. సంవర్గమానాలు మాత్రం రెండు రోజుల్లో పట్టుబడ్డాయి.

దీనికి పరిమితులూ ఉన్నాయి. జవాబును సంఖ్యగా నింపడమో, ఇచ్చిన వాటిలో ఎంచుకోవడమో ఎక్కువ కాబట్టి, సోపానాలు రాసే అలవాటు దానంతటది రాదు. ప్రతి లెక్కనూ నోటు పుస్తకంలో పూర్తిగా చేశాకే జవాబు నింపాలి. సూచనలను ముందే తెరవకూడదు. రేఖీయ బీజగణితం, అవకలన సమీకరణాల కోర్సులలో వీడియోలే ఎక్కువ, అభ్యాసాలు తక్కువ. అక్కడికి చేరిన తరువాత పాఠ్యపుస్తకంలోని లెక్కలనే ఆశ్రయించాలి. అంతకు ముందున్న బీజగణితానికీ, త్రికోణమితికీ, ప్రీకాల్‌క్యులస్‌కూ మాత్రం నా తోటి విద్యార్థులకు నేను మొదట చెప్పే పేరు ఇదే.