ఆర్ఓ వద్దనుకుని యూవీ ఫిల్టర్ పెట్టించాం, ఎనిమిది నెలలైంది

మాది విశాఖలో మద్దిలపాలెం వైపు. పొద్దున్న గంటసేపు జీవీఎంసీ (నగర కార్పొరేషన్) కొళాయి, అది చాలనప్పుడు బోరు. పోయిన వానాకాలం మా చిన్నదానికి రెండుసార్లు విరేచనాలు పట్టుకుంటే డాక్టర్ గారు ముందు నీళ్లు చూసుకోమన్నారు, ఆ టెన్షన్‌లోనే ఫిల్టర్ కోసం తిరగడం మొదలుపెట్టాం.

మొదట ఇంటికొచ్చిన సేల్స్ అబ్బాయి రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి కరెంటు కడ్డీలు ముంచాడు. మా కొళాయి నీళ్లు చూస్తుండగానే తుప్పు రంగుకి తిరిగి పైన తెట్టు కట్టాయి, వాళ్ల ఆర్ఓ (నీళ్లలోని లవణాల్ని కూడా తీసేసే ఫిల్టర్) నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. అత్తయ్య గారు భయపడిపోయి అప్పుడే అడ్వాన్స్ ఇచ్చేయమన్నారు. ఆ రంగు నీళ్లలోని మురికిది కాదండీ, ఇనప కడ్డీ కరిగితే వచ్చేది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. ఆ ఆర్ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి చూడండి, అదీ అలాగే అవుతుంది. చంటిపిల్లలున్న ఇళ్లలో ఇలా బెదరగొట్టి అమ్మడం చాలా తప్పు.

టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) కొని నేనే చూశాను. లీటరుకి మిల్లీగ్రాముల్లో కొళాయి 170, బోరు 940. తాగే నీళ్లకి ఐఎస్ 10500 అనే భారతీయ ప్రమాణం 500 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటుంది. 170 ఉన్న నీళ్లకి ఆర్ఓ ఎందుకు, లీటరు మంచినీళ్ల కోసం అంతకి రెండు మూడింతలు కాలవపాలు చేయడం తప్ప! అయితే మీటర్‌లో అంకె తక్కువుందని నీళ్లు మంచివని కాదు, అది లవణాలనే చూపిస్తుంది, క్రిముల్ని చూపించదు. నీళ్లు ఆగిన వేళ పైపు ఖాళీగా ఉంటే, ఎక్కడ చిన్న లీకున్నా పక్కన కాలవ నీరు లోపలికి లాగేస్తుంది. మా భయం అదే.

అందుకే వాసన తీసే కార్బన్, సన్నటి పొరతో వడగట్టే యూఎఫ్, అతినీలలోహిత వెలుగుతో క్రిముల్ని చంపే యూవీ ఉన్నది 8,500కి తీసుకున్నాం. ప్లంబర్‌ని పిలిచి దానికి బోరు కలవకుండా కొళాయి నీళ్లే వచ్చేలా వేరే లైను వేయించాం. క్లోరిన్ వాసన పోయింది, పాప మళ్లీ జబ్బు పడలేదు. ముందుండే స్పన్ ఫిల్టర్ (మట్టిని ఆపేది) పెట్టినప్పుడు దూదిలా తెల్లగా ఉంది, రెండు నెలలకి తీస్తే ఎర్రమట్టి ముద్ద, వేలితో గీస్తే జారుగా బంక అంటుకుంది. దాన్ని మార్చడం మాత్రం బద్ధకించకండి, నీళ్లు మడ్డిగా ఉంటే క్రిములు ఆ మట్టి చాటున యూవీ వెలుగు తగలకుండా తప్పించుకుంటాయి.

లోపాలూ ఉన్నాయి. కరెంటు పోతే యూవీ పనిచేయదు కాబట్టి ముందే బిందె పట్టి ఉంచుకోవాలి. ఏడాదికోసారి ల్యాంపు మార్చాలి. సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే తొమ్మిది రోజులకి వచ్చారు, అది నాకు అస్సలు నచ్చలేదు.

బోరు నీళ్లే తాగే ఫ్లాట్ల వాళ్లు, ముఖ్యంగా సముద్రం దగ్గరున్నవాళ్లు ఇది తీసుకోకండి. ఉప్పు, ఫ్లోరైడ్, నైట్రేట్ దీనితో పోవు. ఒక్కసారి ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేయించుకుని, అవసరమైతే మీరు ఆర్ఓనే పెట్టించుకోండి.