పది సెకన్ల లూప్: ఆర్థో పీజీలతో మూడేళ్ళు వాడిన చేతి అల్ట్రాసౌండ్

మెగాహెర్ట్జ్‌లు, బరువు, ధర జోలికి వెళ్ళను. కొనాలనుకునేవాళ్ళు అవన్నీ ఎలాగూ చదివే ఉంటారు. ట్యాబ్‌కి వైరుతో తగిలించే లీనియర్ ప్రోబ్ ఇది, అంటే ఒంటి మీద ఆనించి లోపలి బొమ్మ చూసే, చదునైన మొన ఉన్న అల్ట్రాసౌండ్ పరికరం. మూడేళ్ళ క్రితం మా ఆర్థో డిపార్ట్‌మెంట్‌కి తీసుకున్నాం. దీని మీద నాకింత ఇష్టం ఏర్పడింది ఒకే ఒక్క దాని వల్ల. ఫ్రీజ్ నొక్కాక వేలితో వెనక్కి జరిపి చూసుకునే సినీ లూప్. చివరి పది సెకన్లు అందులో ఉండిపోతాయి.

సినీ లూప్ కొత్తదేమీ కాదు, రేడియాలజీలోని పెద్ద మెషిన్‌లో ఎప్పట్నుంచో ఉంది. కానీ అది మా పీజీలకు (ఎముకల వైద్యంలో పీజీ చేస్తున్న డాక్టర్లకు) దొరికేది సాయంత్రం నాలుగు దాటాక, అదీ కేసులు లేకపోతే. అక్కడ మావాళ్ళు వెనక నిలబడి చూసేవాళ్ళు. ప్రోబ్ పట్టుకోకుండా, చూసి నేర్చుకునే పని కాదిది.

ఒక మధ్యాహ్నం జరిగింది చెప్తాను. ఓపీకి ఒక పెయింటర్ వచ్చారు, యాభై దాటిన మనిషి. కుడి చెయ్యి పైకెత్తితే భుజం నొప్పి, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నారు. నేను ప్లాస్టర్ రూములో ఉన్నాను. సెకండియర్ పీజీ అమ్మాయి ఆయన చేత అరచెయ్యి వెనక జేబు మీద పెట్టించి, సుప్రాస్పైనేటస్ టెండన్ (భుజం పైనున్న కండరాన్ని చేతి ఎముకకు కలిపే పీచు) ముందుకు వచ్చాక స్కాన్ చేసి, ట్యాబ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సర్, ఫుల్ థిక్‌నెస్ టేర్."

అంటే టెండన్ మందమంతా తెగిందని. టెండన్ ఎముకకు అతుక్కునే చోట నల్లటి గ్యాప్. ఆ ఒక్క బొమ్మే చూసి ఉంటే నేనూ అవుననే అనేవాణ్ణి. ఆమెతో పాటు ఓపీ గదికి వెళ్ళేసరికి పెయింటర్ గారి మొహం పాలిపోయి ఉంది. "నరం తెగిపోయిందంటన్నారు డాక్టరు గారూ, ఇంక బ్రష్షు పట్టుకోలేనాండీ?" అన్నారు. మన జనానికి టెండనూ నరమే, నర్వూ నరమే. 'నరం తెగింది' అన్న మాట చెవిన పడిందంటే చెయ్యి పడిపోయిందనే అనుకుంటారు. అందుకే ఆ మాట అనే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

లూప్ వెనక్కి జరపమన్నాను. వేలితో మెల్లగా జరిపింది. నల్లగా ఉన్న చోట ముందు బూడిద రంగు వచ్చింది, ఆ తర్వాత తెల్లటి పీచు, ఎముక దాకా ఎక్కడా తెగకుండా. ఇంకా వెనక్కి జరిపితే మళ్ళీ నలుపు. ఆ పీచు కనిపించింది నాలుగైదు ఫ్రేముల్లోనే. అవి వచ్చినప్పుడు ఆమె చూడలేదు, నలుపు దగ్గర ఆగి ఫ్రీజ్ నొక్కింది. ముందుకీ వెనక్కీ మూడుసార్లు జరిపి, "ఇక్కడ నా చెయ్యి వాలిపోయింది సర్" అంది. నేను నోరు తెరవకముందే!

అనైసోట్రోపీ అన్న మాట పుస్తకంలో అందరూ చదివే వస్తారు. శబ్ద తరంగం టెండన్ పీచుకు నిటారుగా తగిలితేనే తిరిగి ప్రోబ్‌కి వస్తుంది. కొద్ది డిగ్రీలు వాలినా పక్కకి పోతుంది. అప్పుడు బాగున్న టెండన్ కూడా నల్లబడి, తెగినట్టే కనిపిస్తుంది. సుప్రాస్పైనేటస్ ఎముకను చేరేటప్పుడు వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఈ మోసం ఇంకా ఎక్కువ. పట్టుచీర జరీని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే ఒకసారి మెరుస్తుంది, ఒకసారి మసకబారుతుంది, చీర మాత్రం అదే. పీజీలకు నేను ఇలాగే చెప్తాను. కానీ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, తన చెయ్యి వాలడం తన లూప్‌లోనే చూసుకున్నప్పుడు ఆ అమ్మాయికి ఎక్కింది.

మళ్ళీ ప్రోబ్ పెట్టింది. ఈసారి కొసలు అటూ ఇటూ నొక్కుతూ, వాలుస్తూ చూసింది. పీచు నిండింది. టెండన్ పై అంచు గుండ్రంగా, నిండుగా ఉంది. పూర్తిగా తెగి ఉంటే ఆ అంచు చాలాసార్లు చదునుగా అయిపోతుంది, లేదా లోపలికి కుంగుతుంది. టెండన్ కాస్త ఉబ్బింది, అంతే. "తెగలేదండీ, వాచింది" అని ఆయనకు ఆమే చెప్పింది. ఎమ్మారైకి రాయబోయిన కాగితం మీద ఫిజియోథెరపీ రాసి పంపింది.

అప్పట్నుంచి మా దగ్గర పద్ధతి మారింది. మొదటి రోజే ప్రతి పీజీ పక్కవాడి భుజం మీద బైసెప్స్ గాడిలో (బైసెప్స్ టెండన్ నడిచే ఎముక గాడిలో) ప్రోబ్ అడ్డంగా పెట్టి, టెండన్‌ని మాయం చేసి మళ్ళీ తీసుకురావాలి. అడ్డంగా చూస్తే బాగున్న టెండన్ ఈనెల చీపురు కొసను ఎదురుగా చూసినట్టు చుక్కలు చుక్కలుగా ఉంటుంది. మణికట్టు దగ్గర మీడియన్ నర్వ్ తేనెపట్టులా ఉంటుంది. ఈ రెండు బొమ్మలూ కళ్ళకు అలవాటైతే చాలావరకు దారి దొరికినట్టే. నెలాఖరు పరీక్షలో కూడా ఫొటో ఒప్పుకోను, లూప్ చూపించాల్సిందే.

మొదటి ఏడాది ఈ లూప్ గురించి ఎవరు అడిగినా కళ్ళు మూసుకుని కొనెయ్యమనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. రెండో ఏడాది బ్యాచ్‌లో ఒక అలవాటు గమనించాను. ప్రోబ్‌ని గబగబా జరిపేసి, ఫ్రీజ్ కొట్టి, టెండన్‌ని లూప్‌లో వెతుక్కుంటున్నారు. చేత్తో వెతకాల్సింది వేలితో వెతుకుతున్నారన్నమాట. అందుకని మొదటి రెండు వారాలు ఫ్రీజ్ నొక్కనివ్వడం మానేశాను. లూప్‌లో చెయ్యి కనిపించదు, కాబట్టి పక్కన ఇంకొకరు ఫోన్‌లో చెయ్యిని వీడియో తీస్తారు, రెండూ కలిపి చూస్తాం.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది గుచ్చే విషయంలో లూప్ మీద నమ్మకం పెట్టుకోకూడదు. సూది కొస ఎక్కడ తప్పిపోయిందో అది తర్వాత చూపిస్తుంది. పేషెంట్ ఒంట్లో సూది ఉన్నప్పుడు తర్వాత తెలిసి ఏం లాభం? దానికి జెలటిన్‌లో ఈసబ్‌గోల్ కలిపి గడ్డకట్టించిన దిమ్మ మీదా, చికెన్ లెగ్ పీసుల మీదా పదేపదే గుచ్చి నేర్చుకోవాల్సిందే.

ఇంకో సంగతి. వేసవిలో మా ఓపీలో ఫ్యాన్ మాత్రమే. మే నెలలో ఇరవై నిమిషాలకే ప్రోబ్ వేడెక్కి ఆగిపోతుంది, లూప్ కూడా పోతుంది. కంపెనీకి రెండుసార్లు రాశాను, చల్లటి గదిలో వాడమన్నారు. లావుగా ఉన్నవాళ్ళ తుంటి కీలు దీనికి అందదు, అది ఏ లీనియర్ ప్రోబ్‌కైనా ఉన్న ఇబ్బందే.

జేబులో పడుతుంది కదా అని హాస్టల్‌కి తీసుకెళ్ళి నేర్చుకుంటారనుకుంటే కుదరదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఇది మా ఆసుపత్రి పేరు మీద రిజిస్టర్ అయి ఉంది, గేటు దాటకూడదు. ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కాకపోతే సాయంత్రం ఆరు తర్వాత గది తెరిచి కూర్చునే మనిషి కావాలి. మా దగ్గర ఆ పని నేనే చేస్తున్నాను.

కొనమంటానా? మాకు ఏడాదికి ముగ్గురే పీజీలు. తప్పు చూస్తే ఓపిగ్గా దిద్దే రేడియాలజిస్ట్ పక్క బ్లాకులోనే ఉన్నారు. పీజీ పక్కన కూర్చుని లూప్ చూడడానికి నాకు రోజుకో గంట దొరుకుతుంది. ఇలా ఉన్నచోట అయితే కొనమంటాను. పదిహేను మంది పీజీలకు ఒక్క ప్రోబ్ అయితే ఏమవుతుందో నా అనుభవంలో లేదు. పాత ప్రోబ్ వైరు మొదట్లో చీలుతోంది కాబట్టి కొత్తదానికి ఇండెంట్ (కొనుగోలు అర్జీ) పెట్టాను. భుజమంతా ఒక్క ఊపులో చూడడానికి పది సెకన్లు చాలడం లేదు. ఈసారి లూప్ కనీసం ముప్పై సెకన్లు ఉండాలని అందులో రాశాను.