ఆ షాపులో లైనక్స్ పీసీ కొన్నవాళ్లు జాగ్రత్త, నా డిస్కు చెరిపేశారు

వీడియో ఎడిటింగ్ పీసీలకి లైనక్స్ వేసి అమ్మే షాపు. ఏ షాపో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నా పీసీలో రెండు 2 టీబీ డిస్కులు, రెండింటికీ లక్స్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని తాళం), పైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో కలిపి ఒకటే డ్రైవ్. సెటప్ అంతా వాళ్లదే.

మొన్న అప్‌గ్రేడ్ అయ్యాక బూట్ కాలేదు. పాస్‌వర్డ్ ఒకసారి అడిగింది, రెండో డిస్కుకి అడగాల్సింది అడగలేదు, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో నడిచే చిన్న సిస్టమ్) అని చూపించి నల్ల స్క్రీన్ మీద నిలబడిపోయింది. లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చూస్తే రెండు డిస్కులూ తెరుచుకున్నాయి, ఫుటేజ్ అంతా భద్రంగా ఉంది. తప్పల్లా క్రిప్ట్‌ట్యాబ్‌లో, అంటే బూట్‌లో ఏ డిస్కుల తాళం తీయాలో రాసుండే ఫైల్లో. మొదటి డిస్కుకి యూయూఐడీ (దాని సొంత గుర్తింపు నంబరు) రాసి, రెండోదానికి ఎస్‌డీబీ అని లైనక్స్ ఇచ్చే పేరు రాసి వదిలేశారు. అప్‌గ్రేడ్‌తో వచ్చిన కొత్త కెర్నల్‌లో (లైనక్స్ మూల భాగం) ఆ పేరు కార్డ్ రీడర్‌కి పోయి, డిస్కు ఎస్‌డీసీ అయింది. ఈ పేర్లు ఏ బూట్‌లోనైనా మారొచ్చు, యూయూఐడీ మారదు. ఆ లైన్ మార్చి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారుచేస్తే అయిపోయే పని.

మీరు ముట్టుకుంటే వారంటీ పోతుందని షాపువాళ్లు అన్నారు. అందుకే ఆ లైన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. చూశారు కూడా.

వచ్చిన కుర్రాడికి మళ్లీ చెప్పాను. "డిస్కులు బాగున్నాయి బాబూ, ఆ లైన్ ఒక్కటి మార్చు చాలు."

"మాకు తెలుసు సార్, రోజూ చేసేదే."

పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాలర్ తెరిచాడు. డిస్కు మొత్తం చెరిపేయాలా అని అడుగుతోంది. ఆగు ఆగు అని నేను కుర్చీలోంచి లేచేలోపే ఎంటర్ కొట్టేశాడు! ప్లగ్ పీకేశాను. అప్పటికే కొత్త లక్స్ హెడర్ రాసేసింది. అసలు కీ ఉండేది డిస్కు మొదట్లో ఉండే ఆ కొద్ది భాగంలోనే. అది పోతే పాస్‌వర్డ్ తెలిసినా మిగతా 2 టీబీ ఎవరూ చదవలేరు. డేటా రెండు డిస్కుల మీదా పరుచుకుని ఉంది కాబట్టి రెండోది మిగిలినా ఉపయోగం లేదు.

ఓనర్‌కి ఫోన్ చేస్తే, "బ్యాకప్ పెట్టుకోవాలి కదండీ, మాకేం సంబంధం?" అని పెట్టేశాడు. పాతవన్నీ బ్యాకప్‌లోనే ఉన్నాయి. పోయింది ఈ ముహూర్తాల్లో తీసిన పెళ్లి, ఇంకా ఎడిటింగ్‌లో ఉంది. తలంబ్రాలు, అప్పగింతలు, పెళ్లికూతురి చెయ్యి వదలలేక వాళ్ల నాన్న ఏడ్చిన షాటు. ఆ ఇంటికి వెళ్లి ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

వాళ్ల దగ్గర కొన్నవాళ్లు అప్‌గ్రేడ్ చేసేముందు క్రిప్ట్‌ట్యాబ్ తెరిచి చూడండి, యూయూఐడీ లేకపోతే రాయించుకోండి. లక్స్‌ని నడిపే క్రిప్ట్‌సెటప్ టూల్‌లో లక్స్‌హెడర్‌బ్యాకప్ కమాండ్ ఉంది, ప్రతి డిస్కు హెడర్‌నీ వేరే చోట దాచుకోండి. రిపేరుకి ఎవరొచ్చినా, డిస్కులు ఊడదీశాకే కీబోర్డు ఇవ్వండి. నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఎన్‌క్రిప్షన్ సెటప్‌కి విడిగా డబ్బులు తీసుకున్నట్టు బిల్లులో ఉంది, దాన్నీ జత చేశాను. మీకూ ఇలా జరిగి ఉంటే మీ బిల్లులు పారేయకండి.