కార్సన్ బల్ల, లెటర్‌మన్ బల్ల

అమెరికాలో అర్ధరాత్రి టాక్ షోల స్వర్ణయుగం అనగానే రెండు పేర్లు ముందుకొస్తాయి: జానీ కార్సన్, డేవిడ్ లెటర్‌మన్. కార్సన్ 1962 అక్టోబరు నుంచి 1992 మే వరకు, అంటే దాదాపు 30 ఏళ్లపాటు, ఎన్‌బీసీలో ‘ద టునైట్ షో’ నడిపారు. 1980 వరకు ఆ కార్యక్రమానికి కనీసం గంటన్నర నిడివి ఉండేది కాబట్టి అతిథి తొందరపడనక్కరలేకపోయేది. కొత్త హాస్య కళాకారుడు తన వంతు ముగించాక కార్సన్ అతణ్ణి పక్కనున్న సోఫా మీదికి పిలిస్తే, ఆ ఒక్క సైగతోనే అతని జీవితం మలుపు తిరిగేది. తాను వెనక్కి తగ్గి అతిథి వెలిగేలా చేయడమే ఆయన విద్య.

లెటర్‌మన్ 1982లో అదే చానల్‌లో, కార్సన్ కార్యక్రమం ముగిశాక, రాత్రి పన్నెండున్నరకు తన సొంత షో మొదలుపెట్టారు. ఆయనది ప్రయోగాల దారి: వెల్క్రో దుస్తులు వేసుకుని గోడకు అతుక్కోవడం, ఎత్తునుంచి పుచ్చకాయలు పడేయడం, 1985 నుంచి పది అంశాల హాస్య జాబితా చదవడం. 1993లో పోటీ చానల్ సీబీఎస్‌కు మారారు.

రోజంతా అలసిన మనిషి హాయిగా నిద్రలోకి జారుకోవాలంటే కార్సనే తగినవారు. అయినా నా మొగ్గు లెటర్‌మన్ వైపే. 2001 సెప్టెంబరు 17న, సెప్టెంబరు 11 ఉగ్రదాడుల తర్వాత న్యూయార్క్ ఇంకా దుఃఖంలో ఉండగా, హాస్యాన్ని పక్కనపెట్టి ఆయన తడబడుతూ మాట్లాడిన ఆ కొన్ని నిమిషాల ధైర్యమే అందుకు కారణం.

కార్సన్‌కూ ఆయనంటే అభిమానమే. 1994 మేలో లెటర్‌మన్ కార్యక్రమానికి వచ్చి, షో నడిపేవారు కూర్చునే బల్ల వెనుక కూర్చుని, ఆగని చప్పట్ల మధ్య దాదాపు ఏమీ మాట్లాడకుండానే వెళ్లిపోయారు. టెలివిజన్‌లో ఆయన చివరిసారిగా కనిపించింది అప్పుడే.